టెయిల్ లైట్ పుణ్యమా అని ఒక పగలంతా గ్యారేజీ పాలు

ముందే చెప్పేస్తున్నా, తిరిగిన ఊళ్ల మీద నాకేం ఫిర్యాదు లేదు. ఊళ్లు బాగున్నాయి, రోడ్లు బాగున్నాయి, మొదటి లాడ్జిలో వేడినీళ్లు కూడా వచ్చాయి. నా మంటంతా దారిలో తగిలిన ఒక పెద్ద గ్యారేజీ మీద.

మాది ఇరవై ఏళ్లు దాటిన కారు. చీకటి పడ్డాక వెనక బండిలోంచి బావమరిది ఫోన్ చేశాడు (నడిపేది వాళ్లావిడ, కంగారు పడకండి). "బావా, నువ్వు బ్రేక్ తొక్కితే ఎడమ పక్క వెలిగే టెయిల్ లైట్ కాస్తా ఆరిపోతోంది, పైగా ఇండికేటర్ మసగ్గా వెలుగుతోంది, నువ్వు ఆగుతున్నావో తిరుగుతున్నావో తెలీట్లేదు" అన్నాడు. ఇక ముందుకెళ్లలేక కనబడిన లాడ్జిలో దిగాం. దుప్పట్లు ముక్కవాసన, బాత్రూం తలుపుకి గడియ లేదు, పిలిస్తే పలికే నాథుడు లేడు. అయినా దానికో మార్కు వేస్తా, ఎందుకంటే పార్కింగ్ వెనక తెల్లగోడ ఉంది. కారు వెనక భాగం గోడకి దగ్గరగా పెట్టి, అద్దంలో చూస్తూ బ్రేక్ తొక్కితే ఏది వెలుగుతోందో, ఏది లేదో ఒక్కళ్లమే చూసుకోవచ్చు. కుడి పక్క శుభ్రంగా ఉంది, రోగం ఎడమ పక్కే.

పొద్దున గ్యారేజీకి వెళ్తే కౌంటర్ దగ్గరతను బండి దగ్గరికి రాకుండానే "పాత బండి కదా సార్, వైరింగ్ మొత్తం పోయుంటుంది" అన్నాడు. బల్బు మార్చారు, మార్పు లేదు. తర్వాత పెడల్ దగ్గరి బ్రేక్ స్విచ్ మార్చారు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ ఒక్క స్విచ్చే రెండు పక్కలకీ కరెంటు పంపిస్తుంది. అది పోతే రెండూ వెలగవు, అతుక్కుపోతే రెండూ ఆరవు. ఒక పక్క వెలుగుతుంటే స్విచ్ తప్పెలా అవుతుంది? అడిగితే సమాధానం లేదు. మధ్యాహ్నం దాటాక, టెయిల్ లైట్ సెట్టు మొత్తం కొత్తది వెయ్యాలి, పార్టు వచ్చేదాకా ఆగండి అన్నారు. అప్పటికే మా ఆవిడ నాతో మాటలు మానేసింది. బిల్లు ఆ దిక్కుమాలిన లాడ్జిలో రెండు రాత్రుల అద్దెంత. లైటు మాత్రం ఎప్పటిలాగే.

అక్కడి నుంచి బయటపడి, పెట్రోల్ బంకు కుర్రాడు చూపించిన చిన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాం. పెద్దాయన ఏదీ ఊడదీయలేదు. డిక్కీ తెరిచి ఒక వైరు ముక్క తీసి, ఒక కొస బల్బు హోల్డర్ ఎర్త్‌కి (కరెంటు బల్బులోంచి బండి బాడీలోకి తిరిగి పోయే దారి), ఇంకో కొస రంగు గీకిన బాడీ ఇనుముకి ఆనించి "బ్రేక్ తొక్కండి" అన్నారు. భగ్గున వెలిగింది. ఎర్త్ స్క్రూ విప్పితే రింగు చుట్టూ పచ్చటి చిలుము, కింద తుప్పు పొడి. ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి, పైన కాస్త గ్రీజు పూసి బిగించారు. ఆ బల్బులో టెయిల్‌కి 5 వాట్లు, బ్రేక్‌కి 21 వాట్లు, రెండు ఫిలమెంట్లూ ఒకే ఎర్త్ మీద బతుకుతాయట. ఆ దారి మూసుకుపోతే కరెంటు పక్క ఫిలమెంట్ల గుండా దొడ్డిదారిన పోతుంది, అందుకే ఇండికేటర్ దానంతటదే వెలిగింది. ఆయన అడిగింది ఒక్క బల్బు డబ్బులు.

ఆ తర్వాత ప్రయాణం హాయిగా సాగింది.

పాత బండిలో బయల్దేరేవాళ్లకి నా మాట: ఒక వైరు ముక్క, టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తోందో లేదో వెలిగి చూపించే చిన్న దీపం), రెండు బల్బులు డిక్కీలో పడేసుకోండి. రెండు బ్రేక్ లైట్లూ పోతే ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్. బండి ఆపినా బ్రేక్ లైట్లు ఆరకపోతే పెడల్ దగ్గర స్విచ్‌ని నొక్కే చిన్న రబ్బరు ముక్క రాలిపోయిందేమో చూడండి. డిక్కీ మూత మీద లైట్లుండి, మూత కదిపినప్పుడు మిణుకుమంటే మడత బందు దగ్గర వైర్లు తెగి ఉంటాయి. రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్క పిన్నులు ఎత్తు తేడాగా ఉంటాయి, సరిపోని బల్బుని బలవంతంగా దూర్చే మెకానిక్‌ని అక్కడే ఆపండి. టెస్ట్ ల్యాంప్ పట్టకుండా పార్టుల పేర్లు చదివేవాడి దగ్గర అసలు ఆగొద్దు. తీసేసిన పార్టులు మాత్రం అడిగి తెచ్చుకోండి. మేం తెచ్చుకున్న పాత బ్రేక్ స్విచ్‌కి మీటర్ పెట్టి చూశా, భేషుగ్గా పనిచేస్తోంది.