మహారాణిపేట సైకియాట్రీ క్లినిక్: కవలల తల్లిగా నా అనుభవం

మా అబ్బాయిలిద్దరూ అచ్చు గుద్దినట్టుండే కవలలు. పెద్దోడికి డిగ్రీలో ఉండగా స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు బయటపడింది, మందులతో ఇప్పుడు బాగానే ఉన్నాడు. బెంగంతా చిన్నోడిది. ఒక రాత్రి నిద్ర పట్టకపోయినా "నాకూ మొదలైందా అమ్మా" అనేవాడు. అంతకుముందు చూపించిన చోట ఈ మాటెత్తితే చీటీ రాసి పంపేసేవారు. వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) దగ్గరున్న ఈ క్లినిక్‌కి వాడి కోసమే వెళ్లాం.

డాక్టరమ్మగారు చీటీ వెనక్కి తిప్పి మూడు అంకెలు వేశారు. మామూలు జనంలో ఈ జబ్బు వచ్చేది 100 మందిలో సుమారు ఒకరికి. 2018లో వచ్చిన డెన్మార్క్ కవలల లెక్క ప్రకారం, మా పిల్లల్లా ఒకే అండం నుంచి పుట్టినవాళ్లలో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం 33 శాతం, వేరువేరు అండాల కవలల్లో 7 శాతం. పాత అధ్యయనాల్లో 33 కాదు, దాదాపు సగం దాకా వచ్చిందని కూడా దాచకుండా చెప్పారు.

7 కింద గీత గీసి, "వీళ్లూ ఒకే ఇంట్లో, ఒకే అమ్మ చేతుల్లో పెరిగినవాళ్లేనండీ. పెంపకమే కారణమైతే ఇంత తేడా ఎందుకొస్తుంది?" అన్నారు. తల్లి సరిగ్గా చూసుకోలేదన్న మాట ఇన్నేళ్లూ బంధువుల నోట పడ్డాను. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత 33 చుట్టూ సున్నా చుట్టి చిన్నోడి వైపు తిప్పారు. "జన్యువులు ఒకటే అయినా ఎక్కువమందికి రాలేదు బాబూ." ఈ జబ్బు ముప్పు పెంచే గంజాయి జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పారు. మన వైజాగ్‌లో ఈ వయసు పిల్లలకు అది చెప్పి తీరాల్సిన మాటే.

స్కానింగ్‌లో ముందే తెలుస్తుందా అని మావారు అడిగారు. 1990లో అమెరికాలో, ఒకరికే జబ్బున్న 15 కవల జంటలకు ఎమ్మారై తీస్తే, చాలా జంటల్లో జబ్బున్నవారి మెదడులో ద్రవం ఉండే గదులు పెద్దగా కనిపించాయట. అది ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే తెలిసే తేడా, ఒక్కరి స్కాన్ చూసి రేపు జబ్బు వస్తుందో రాదో చెప్పలేం అన్నారు. ఏ టెస్టూ రాయలేదు. నాకు గురి కుదిరింది అక్కడే.

అపాయింట్‌మెంట్ ఉన్నా గంటకు పైగా కూర్చోవాలి. అది సర్దుకోవచ్చు. కానీ రిసెప్షన్‌లో అందరి ముందూ జబ్బు పేరు అడగడం అస్సలు బాగాలేదు, వెంటనే మానాలి. కవలలున్నవాళ్లు జబ్బు లేని బిడ్డను కూడా తీసుకెళ్లండి, వాడి సందేహాలకు విడిగా టైమ్ ఇస్తారు.