పీటర్లూ చూసి కోయిలకుంట్ల దారి పట్టాం

కర్నూలు వైపు వచ్చేవాళ్లకు కొండారెడ్డి బురుజు, బెలుం గుహలు, యాగంటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కోయిలకుంట్ల గురించి చెప్పేవాళ్లు తక్కువ. మమ్మల్ని అక్కడికి పంపింది ఒక ఇంగ్లీషు సినిమా. మైక్ లీ 2018లో తీసిన 'పీటర్లూ' అది. కర్నూల్లో తమ్ముడింట్లో అందరం కలిసి చూశాం. రెండున్నర గంటల సినిమా. మధ్యలో ఎవరూ లేవలేదు.

1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో దాదాపు 60 వేల మంది చేరారు. అంత పెద్ద ఊరికి పార్లమెంటులో సొంత ప్రతినిధి లేడు. రొట్టె ధర ఆకాశంలో ఉంది. ఓటు కావాలని అడగడానికి పిల్లాపాపలతో, పండక్కి వచ్చినట్టు మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. ఓటుహక్కు కోసం పోరాడే వక్త హెన్రీ హంట్ మాట్లాడాల్సిన సభ అది. గుర్రాల మీది సైనికులు కత్తులు దూసి జనంలోకి దూకారు. దాదాపు 18 మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. సినిమాలో ఆ దాడి చివర్లోనే వస్తుంది. అంతదాకా మీటింగులు, ఉపన్యాసాలు, ఇంట్లో కూడు చాలక తల్లి పడే బాధ. సాగదీశాడని కొందరంటారు. నాకైతే ఆ నిదానమే నచ్చింది. వాళ్ల మాటలు అంతసేపు విన్నాం కాబట్టే చివర్లో పడే ప్రతి దెబ్బా మనకు తగులుతుంది. కిటికీలోంచి మేజిస్ట్రేటు జనాన్ని చెదిరిపొమ్మనే హెచ్చరిక చదువుతుంటే కింద ఎవరికీ వినబడని సీను ఒకటుంది. దాన్ని నేను మరిచిపోలేను.

సినిమా అయ్యాక నాన్న, "ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తలను మన కోయిలకుంట్లలో వేలాడదీసిన చోటు చూద్దాం పదండి" అన్నాడు. ఆయన రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాడు, మోకాళ్ల నొప్పులున్న మనిషి. అందుకే ఎక్కడ ఉండాలి, ఎంత నడవాలి అన్నదానికి ఈ ట్రిప్పులో ఎక్కువ విలువ ఇచ్చాం.

బసకు నంద్యాలే మేలు. కర్నూల్లో హోటళ్లు ఎక్కువే గానీ 70 కిలోమీటర్ల పైచిలుకు అదనపు ప్రయాణం. నంద్యాలలో మేం ముందు దిగిన లాడ్జి బస్టాండుకి దగ్గర, అదొక్కటే దాని గొప్ప. వేడినీళ్లు 24 గంటలూ అన్నారు, పొద్దున 7 దాటితే చల్లనీళ్లే. పైగా లిఫ్టు పనిచేయలేదు, నాన్న రెండు అంతస్తులు ఎక్కాల్సి వచ్చింది. మర్నాడు గది ఖాళీ చేసి కాస్త లోపలి వీధిలో ఇంకో లాడ్జికి మారాం. అద్దె కొంచెం ఎక్కువైనా గ్రౌండ్ ఫ్లోర్‌లో గది ఇచ్చారు, రాత్రి లారీల మోత లేదు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు గది చూశాకే డబ్బు కట్టండి.

టిఫినుకు హోటళ్లలో ఇడ్లీ దోసె వెతక్కండి. బండి మీద ఉగ్గాని తినండి. బొరుగులు నీళ్లలో నానేసి, గట్టిగా పిండి, ఉల్లిపాయ పోపులో పసుపుతో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జి ఉండాల్సిందే. పొడి ముందే చల్లి ఉంచిన బండి దగ్గర తింటే ముద్దలా ఉంటుంది, అడగ్గానే చల్లి ఇచ్చేవాడి దగ్గరికే వెళ్లండి.

నంద్యాల నుంచి కోయిలకుంట్లకు ఆర్టీసీ బస్సు ఎక్కాం. నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గంలో స్టేషను ఉంది గానీ, మన టైముకు కుదిరేది బస్సే. దారంతా నల్లరేగడి, శనగ చేలు. కోయిలకుంట్లలో దిగి, ఉయ్యాలవాడ కూడా చూపించి తీసుకురావడానికి ఆటో మాట్లాడుకున్నాం. వెయిటింగుతో కలిపి 900. ముందే ఒప్పుకున్న మాట కాబట్టి చివర్లో గొడవ లేదు, డ్రైవరు నాన్నను చెయ్యి పట్టి దింపాడు కూడా.

మేం వెళ్లిన దారిలో ఒక్క బోర్డూ కనబడలేదు. టీ బంకు దగ్గర అడిగితే ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని లేచి, "ఏం సామీ, నరసింహారెడ్డి తావు చూడనీకొచ్చినారా?" అని నాన్నను పలకరించి ముందు నడిచాడు. జుర్రేరు వైపు కర్ర చాపి, "ఈడనే అని మా తాత చెప్తుండె" అన్నాడు. 1847 ఫిబ్రవరి 22న జుర్రేరు ఒడ్డున, కలెక్టర్ కాక్రేన్ ఎదుట, జనం చూస్తుండగా ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆ తలను 1877 దాకా కోటలో వేలాడదీసి ఉంచారు. ముప్ఫై ఏళ్లు! ఉరి తీసిన రోజు పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్లి చేసుకుని, తన పిల్లల్ని చంకనేసుకుని ఆ తల కిందుగా నడిచి ఉంటుంది. అక్కడ నిలబడి ఆ లెక్క వేసుకున్నాక మాకెవరికీ మాట రాలేదు.

రెండు చరిత్రలూ ఒకటే అని నేను అనను. మాంచెస్టర్ జనం చేతిలో ఆయుధం లేదు, అడిగింది ఓటు. నరసింహారెడ్డి ఆయుధం పట్టాడు, 1846 జూలైలో ఇదే ఊళ్లో ఖజానా మీద పడ్డాడు. కుటుంబానికి రావలసిన 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం అడిగితే తహసీల్దారు అవమానించాడన్నది కథ. నాన్న మాత్రం, భరణం ఒక్కటే అయితే అంతమంది వెంట నడిచేవాళ్లు కాదన్నాడు. ఊరి కావలి కాసే కట్టుబడి బోయల మాన్యాలను కంపెనీ లాక్కుంది, వాళ్లకు కడుపు కాలింది. రొట్టె ధర దగ్గర మొదలైన మాంచెస్టర్ కథ నాకు అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. పాలకులు అక్కడ కత్తితో, ఇక్కడ ఉరితో బదులిచ్చారు, ఇంకెవరూ నోరెత్తకూడదని అందరి కళ్ల ముందే.

2019లో మాంచెస్టర్‌లో కళాకారుడు జెరెమీ డెల్లర్ రూపకల్పనతో గుండ్రటి రాతి మెట్ల స్మారకం కట్టి, చనిపోయినవాళ్ల పేర్లు, జనం కదిలి వచ్చిన ఊళ్ల పేర్లు చెక్కారు. వీల్‌చైర్లవాళ్లు ఎక్కలేరని దానిమీద నిరసన కూడా వచ్చింది. అది న్యాయమైన నిరసనే. జుర్రేటి ఒడ్డున ఒక చదునైన దారి, నీడ, నాలుగు వాక్యాల రాతిపలక ఉన్నా మా నాన్నలాంటివాళ్లు ఇంకో గంట కూర్చునేవాళ్లు.

ఉయ్యాలవాడ చిన్న ఊరు, త్వరగానే తిరిగొచ్చాం. నరసింహారెడ్డి మీద వచ్చిన 2019 నాటి 'సైరా' సినిమాలోని కోటలు, యుద్ధభూములు ఇక్కడ వెతికితే దొరకవు, పతాక యుద్ధ సన్నివేశం జార్జియా దేశంలో తీశారు. ఆయన పట్టుబడిన పేరుసోమల కూడా ఇటే ఉంది. నాన్న అలసిపోవడంతో అటు వెళ్లలేదు.

ఒక్క పూటే చేతిలో ఉంటే బెలుం వదిలేసి కోయిలకుంట్లకు ఇవ్వండి. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలు అద్భుతమే, కాదనను. లోపల ఉక్కపోత, మెట్లు, మోకాళ్ల నొప్పులవాళ్లకు కష్టం. ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందు రావడం మంచిది. శివరాత్రి దగ్గర పడితే మహానంది భక్తులతో నంద్యాల లాడ్జీలు నిండిపోతాయి, గది వారం ముందే మాట్లాడుకోండి.