ఉద్దానం కిడ్నీ జబ్బుకి కమిటీ మేలా, సొంత బృందం మేలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్లో చదువు రాని ముసలమ్మలకూ ఆ మాట తెలుసు. తేలనిది ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు పాడవడానికి కారణమే. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం తేలని జబ్బుకి ప్రభుత్వం ఎవరి మాట విని డబ్బు ఖర్చు పెట్టాలి?

అలవాటైన దారి కమిటీ. గొడవ పెరిగితే వేస్తారు, పేరున్న డాక్టర్లు వస్తారు, ఖర్చూ తక్కువే. రక్తం, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తారు, నివేదిక ఇస్తారు. దాని వెంటపడే మనిషే ఉండడు. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

ఒత్తిడికి తలొగ్గి ఏదో ఒకటి నిషేధించేయడం ఇంకో దారి. ఇలాంటి జబ్బే ఉన్న శ్రీలంక 2015లో గ్లైఫోసేట్ కలుపుమందుని నిషేధించింది. అదే కారణమని రుజువు కాలేదు. తేయాకు తోటలవాళ్లు మొత్తుకుంటే 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. ఈ దారి గురించి ఇంతకన్నా అనవసరం.

థాయ్‌లాండ్ వేరేగా చేసింది. ఏ వైద్యానికి ఎంత ఖర్చు, ఎంత ఫలితం అని లెక్కగట్టడానికే 2007లో హైటాప్ అనే సంస్థ పెట్టుకుంది. మరుసటి ఏడాది ఉచిత వైద్య పథకంలోకి డయాలసిస్ తెచ్చినప్పుడు, పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పద్ధతికి మొదటి చోటు ఇచ్చారు. పల్లెల్లో మిషన్లు, నర్సులు తక్కువ కాబట్టి. 2022లో ఏ పద్ధతి కావాలో రోగినే ఎంచుకోమన్నారు. పద్ధతి మారినా లెక్కలు చూసే మనుషులు అక్కడే ఉన్నారు. నాకు నచ్చింది ఇదే.

మన దగ్గర డబ్బు పెట్టలేదని ఎవరూ అనలేరు. హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్ల పథకం దాదాపు 700 కోట్లు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, డయాలసిస్ రోగులకు నెలకి పది వేల పింఛను. నీళ్లు ఎలాగూ కావలసినవే, జబ్బుకి కారణం అవునా కాదా అన్నది తర్వాత. అయితే కుళాయి ముందు వచ్చిన ఊళ్లకీ ఆలస్యంగా వచ్చిన ఊళ్లకీ కొత్త కేసుల్లో తేడా ఎంతో ఏటా తీయాలి. ఇంట్లో చేసుకునే డయాలసిస్ మన పెంకుటిళ్లలో కుదురుతుందా, ఇన్ఫెక్షన్ భయం ఎంత, వారానికి రెండు మూడుసార్లు ఆటో ఛార్జీలు ఎంత మిగులుతాయి? ఇది కూడా చూడాలి. ఆరు నెలల కమిటీకి ఈ పనులు సాధ్యం కావు.

ఇక్కడే ఉండి ఈ లెక్కలు తీసే సొంత బృందానికీ లోపాలున్నాయి. కలెక్టర్ మారితే బృందం చెదురుతుంది. చదువుకున్న కుర్రాళ్లు జీతం చాలక హైదరాబాద్ వెళ్లిపోతారు. పైవాళ్లకి నచ్చని లెక్క బయటికి రాకపోవచ్చు కూడా. ఢిల్లీలో 2017 నుంచి ఇలాంటి లెక్కలు చూసే విభాగం ఉంది, కానీ వాళ్లు వచ్చి కవిటిలో కాపురం ఉండరు కదా!

అయినా నా ఓటు సొంత బృందానికే. పలాసలో నలుగురైదుగురు, ఐదేళ్లు బదిలీ లేకుండా. కమిటీని వాళ్ల లెక్క సరిచూడ్డానికి పిలవొచ్చు. మొదటి ఏడాది ఒకే పని చాలు: ఊరివారీ క్రియాటినిన్ రిజిస్టరు, పక్కన ఆ ఊరికి కుళాయి వచ్చిన తేదీ.