గోవిందా అని పిలిచి వడ్డించే పంక్తి: తిరుమల అన్నప్రసాద కేంద్రం

తిరుమలకు వెళ్ళి వచ్చినవారిని పలకరిస్తే దర్శనానికి ఎంతసేపు పట్టిందో చెబుతారు, లడ్డూ చేతిలో పెడతారు. అక్కడి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేసిన సంగతి చెప్పినా, భోజనం బాగుందన్న ఒక్క మాటతో ముగిస్తారు. ఆ కేంద్రం గురించి కొంత వివరంగా, అందులోనూ అక్కడి వడ్డనలో వినిపించే మాటతీరు గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆకలితో వచ్చిన వేలాదిమందికి ఒకేచోట అన్నం పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తరిగిపోయేది ఓర్పు, ఓర్పు తరిగిన చోట ఎంత మంచివారి నోటనైనా మాట గరుకెక్కుతుంది. అటువంటి ఒత్తిడిలోనూ మాటను మెత్తగా నిలబెట్టుకునే పద్ధతి ఒకటి ఆ భోజనశాలల్లో కళ్ళ ముందు నడుస్తున్నది కాబట్టి, నా దృష్టిలో ఈ కేంద్రాన్ని తూచవలసిన తూనిక అదే.

ముందుగా కేంద్రం సంగతి. తిరుమలలో నిత్యాన్నదాన పథకాన్ని 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. తొలిరోజుల్లో రోజుకు సుమారు 2,000 మందికి పెట్టేవారు. ఇప్పుడున్న పెద్ద భవనాన్ని 2011 జూలైలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. ఇందులో నాలుగు భోజనశాలలు ఉన్నాయి, ఒక్కొక్క దానిలో ఒకే విడతలో సుమారు వెయ్యిమంది కూర్చోవచ్చు. భోజనానికి రుసుము లేదు, కులం, మతం, ఊరు అడిగేవారు లేరు. ఖర్చు ప్రధానంగా దాతలు శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చే విరాళాల మీద నడుస్తుంది. 2025 నాటి లెక్క ప్రకారం ఒకరోజు మొత్తం వితరణకు 44 లక్షల రూపాయలు, మధ్యాహ్న భోజనం ఒక్కదానికి 17 లక్షల రూపాయలు విరాళంగా ఇవ్వవచ్చు.

ఈ కేంద్రానికి వెంగమాంబ పేరు పెట్టడం ఎంతో సముచితమని నా అభిప్రాయం. 18వ శతాబ్దంలో తరిగొండలో పుట్టి, చిన్న వయసులోనే భర్తను కోల్పోయి, లోకం అన్న మాటలన్నీ పడి, తాను మాత్రం స్వామితోనే మాట్లాడుకుంటూ, తరువాతి జీవితం తిరుమలలో గడిపి, 1817లో అక్కడే కన్నుమూసిన కవయిత్రి ఆమె. నేటికీ ప్రతి రాత్రి ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాల హారతి జరిగిన తరువాతనే స్వామివారి తలుపులు మూస్తారు. అంటే, ఆ కొండ మీద దినమంతా లక్ష గొంతులు వినిపించాక చివరగా స్వామి సన్నిధిలో వినిపించే పలుకుల్లో ఆమె పలుకులు ఉన్నాయన్నమాట. అటువంటి తల్లి పేరు మీద నడిచే పంక్తిలో మాట ఎలా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

వేచి ఉండే గదుల్లో కొంతసేపు కూర్చున్నాక తలుపులు తెరుస్తారు. అందరూ ఒక్కసారిగా లేచి లోపలికి నడుస్తారు, ఒక్కసారిగా చోటు వెదుక్కుంటారు. సరిగ్గా ఆ తొక్కిడి వేళలోనే, శ్రీవారి సేవ పేరిట స్వచ్ఛందంగా సేవ చేయడానికి వచ్చినవారు, అంటే నారింజ రంగు చీరల్లో ఉన్న మహిళా సేవకులు, తెల్లని బట్టల మీద కండువా వేసుకున్న పురుష సేవకులు వరసల మధ్య నిలబడి, "గోవిందా, ఇటు రండి", "గోవిందా, కాస్త లోపలికి జరగండి", "గోవిందా, చంటిబిడ్డ ఉన్న అమ్మకు ఆ చివరన చోటివ్వండి" అని పలుకుతూ ఉంటారు. మొదటిసారి వచ్చినవారు ఆ పిలుపు తమను ఉద్దేశించినదని గ్రహించడానికి ఒక క్షణం పడుతుంది. అరిటాకు పరిచేవారు, నీళ్ళు పోసేవారు, గంటెతో అన్నం పెట్టేవారు అందరూ అదే పేరుతో పిలుస్తారు. డెబ్బై ఏళ్ళ పెద్దాయనకూ అదే పేరు, కాళ్ళు నేలకు అందని పిల్లవాడికీ అదే పేరు.

భోజనం గురించి క్లుప్తంగా చెబుతాను. మొదట చక్కెర పొంగలి, తరువాత పచ్చడి, కూర, అన్నం, సాంబారు, చారు, చివరన మజ్జిగ వస్తాయి. 2025 మార్చి నుంచి వడ కూడా చేర్చారు. ఉల్లి, వెల్లుల్లి పడవు. అన్నం వేడిగా ఉంటుంది, సాంబారులో పులుపు మితంగా ఉంటుంది, చారు మాత్రం నిజంగా బాగుంటుంది. ఇంటి వంటలోని ప్రత్యేకమైన రుచిని ఇంత పెద్ద వంటశాల నుంచి ఆశించడం న్యాయం కాదు. కడుపు నిండా, శుభ్రంగా, అడిగినన్నిసార్లు పెడతారు. మారు వడ్డనకు మొహమాటపడే పెద్దవారి దగ్గర ఆగి, "ఇంకొంచెం వేయమంటారా గోవిందా" అని అడిగి మరీ వేసిన సేవకులను చూశాను.

ఈ పిలుపును ఒక అలవాటుగా, సంస్థ నేర్పిన మర్యాదగా తీసుకుని వదిలేయవచ్చు. సేవకులకు శిక్షణలో ఇది నేర్పుతారన్నది కూడా నిజమే. అయినా గంటె పట్టుకుని వెయ్యిమంది ముందు నడిచే మనిషికి ఈ పిలుపు ఏం చేస్తుందో ఆలోచించాలి. ఎదుటివాడిని గోవిందా అని పిలిచాక, అదే ఊపిరిలో "కళ్ళు కనబడటం లేదా" అనడానికి నాలుక తిరగదు. వాక్యం మొదట్లోనే భగవన్నామం వచ్చి కూర్చుంది కాబట్టి వెనక వచ్చే మాటలు దానికి తగినట్లు సర్దుకోక తప్పదు. పైగా ఆ పేరు గలవాడు నాలుగడుగుల దూరంలో గర్భాలయంలో నిలబడి ఉన్నాడన్న ఎరుక అక్కడ ఎవరికీ పూర్తిగా మరుగున పడదు. ఆయన వింటున్నాడన్న భయభక్తులతో పలికే మాటకూ, అధికారి వింటున్నాడన్న జంకుతో పలికే మాటకూ చాలా తేడా ఉంటుంది. అధికారి పక్క వరసకు వెళ్ళగానే జంకు వదిలిపోతుంది. గోవిందుడు పక్క వరసకు వెళ్ళేవాడు కాడు.

భగవద్గీత 17వ అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సుకు చెప్పిన లక్షణాలు ఇక్కడ నాకు గుర్తుకు వస్తాయి. ఎదుటివారికి ఉద్వేగం కలిగించకుండా ఉండటం, సత్యంగా ఉండటం, ప్రియంగా, హితంగా ఉండటం. వడ్డనశాలలో వీటన్నిటిలోకి కష్టమైనది సత్యమే అని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే తొందరలో ఉన్నవారు ఎదుటివారిని ఊరుకోబెట్టడానికి "ఇదిగో వస్తున్నా" అని చెప్పి వెళ్ళిపోవడం సర్వసాధారణం. ఒకసారి నా పక్కన కూర్చున్న వ్యక్తి సాంబారు ఆలస్యమైందని విసుగుపడి, "ఇంతమంది ఉండి ఏం చేస్తున్నారండీ మీరు" అని గట్టిగానే అన్నారు. ఎదురుగా ఉన్న సేవకురాలు, నడివయసు మహిళ, "గోవిందా, బకెట్టు నిండి రావడానికి కాస్త సమయం పడుతుంది, అందాకా కూర వేయమంటారా" అని అడిగారు. లేని తొందరను నటించలేదు, ఉన్న ఆలస్యాన్ని దాచలేదు, మనిషిని చిన్నబుచ్చలేదు. ఆయన మరి మాట్లాడకుండా ఆకు ముందుకు జరిపారు. ఆమె తన ఊళ్ళో ఉపాధ్యాయురాలో, బ్యాంకు ఉద్యోగో, గృహిణో మనకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు.

ఈ కేంద్రం విలువ తెలియాలంటే దీనికి భిన్నమైన చోటు కూడా చూసి ఉండాలి. మరొక క్షేత్రంలో, దాని పేరు ఇక్కడ అనవసరం, ఒక సత్రంలో భోజనానికి కూర్చున్నాను. వంట ఇంకా మేలుగా ఉంది, నెయ్యి ధారాళంగా వేశారు. కానీ పర్యవేక్షించే మనిషి వరసల మధ్య తిరుగుతూ, తిన్నవాళ్ళు లేవాలని, బయట జనం ఉన్నారని, మాటలు కట్టిపెట్టి తినాలని అరుస్తూనే ఉన్నాడు. మా ఎదుట కూర్చున్న ముసలావిడ మజ్జిగ కోసం చూస్తూ చూస్తూ, ఆ అరుపు తననే అన్నట్లు భావించి, సగం ఆకు వదిలి లేచిపోయింది. అన్నం పెట్టిన దాత పుణ్యాన్ని ఆ ఒక్క గొంతు ఎంత తగ్గించిందో లెక్క కట్టగలిగినవాడు ఒక్కడే. గోడ మీద "అన్నం పరబ్రహ్మ స్వరూపం" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

తినేవారి వైపు నుంచి కూడా చెప్పుకోవలసింది ఉంది, నిజానికి ఎక్కువగా చెప్పుకోవలసింది అక్కడే. గర్భాలయం ముందు నిలబడ్డ ఆ రెండు క్షణాల్లో గొంతు దానంతటదే తగ్గుతుంది, తప్పులు క్షమించమని వేడుకుంటాం. మహాద్వారం దాటి బయటకు వచ్చి, చెప్పులు దొరక్కపోతే, గది తాళం ఆలస్యమైతే, భోజనశాలలో తనకు నచ్చిన చోటు వేరొకరికి దక్కితే, అదే నోటితో మన ఇంటివారినీ పరాయివారినీ తూలనాడతాం. స్వామి వినికిడికి మహాద్వారం హద్దు అన్నట్లు నడుచుకుంటున్నాం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇలా ఉండేవారు కారు. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడు పలకవద్దు అని పిల్లల నోటికి అడ్డం పడేవారు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేవారు. దీపం కొండెక్కింది అనేవారు. వంటింటి మాట కూడా పైవాడి చెవిన పడుతుందన్న నమ్మకం వారి నాలుకను అంత జాగ్రత్తగా నడిపించేది.

తిరుమల ఆలయ ఆచారంలోనూ ఇదే కనిపిస్తుంది. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులుగా తిరుప్పావై పారాయణ జరుగుతుంది. అందులో రెండవ పాశురంలో గోదాదేవి వ్రతనియమాలు చెబుతూ, నెయ్యి తినము, పాలు తాగము, కాటుక పెట్టము, పూలు ముడవము అన్న వరసలోనే ఇతరుల మీద చాడీలు చెప్పము అని కూడా చేర్చింది. ఆహార నియమం పక్కనే మాట నియమాన్ని పెట్టిన ఆ కూర్పు నాకు ఎప్పుడూ అబ్బురంగా ఉంటుంది. ఉపవాసాలను శ్రద్ధగా లెక్క పెట్టుకునేవారం, ఆ రోజు ఎవరి గురించి ఏమన్నామో లెక్క పెట్టుకోము.

ఒక జాగ్రత్త మాత్రం ఎవరైనా గుర్తుంచుకోవాలి. భగవన్నామం పిలుపుగా మారినంత మాత్రాన మాట దానంతటదే పవిత్రం కాదు. ఏ క్షేత్రంలోనైనా సరే, స్వామి పేరునే ఈసడింపుగా విసరడం సాధ్యమే, రద్దీలో భక్తులు ఒకరినొకరు అలా విసురుకోవడం వింటూనే ఉంటాం. అయ్యప్ప దీక్షలో ఉన్నవారు 41 రోజుల పాటు ఎదురైన ప్రతివారినీ స్వామి అని పిలుస్తారు. ఆ రోజుల్లో ఇంట్లో గొంతులు ఎంత తగ్గుతాయో దీక్ష పట్టినవారి కుటుంబాలకు తెలుసు. మాల తీసిన మరునాడే పాత గొంతు తిరిగివచ్చే ఇళ్ళూ ఉన్నాయి, దీక్ష అయ్యాక కూడా పనిమనిషిని, ఆటో నడిపే అబ్బాయిని మన్నించి పిలవడం మానని ఇళ్ళూ ఉన్నాయి. పిలుపు వెనక ఆయన వింటున్నాడన్న నమ్మకం ఉన్నచోటే మార్పు నిలుస్తుంది. అన్నప్రసాద కేంద్రంలో నేను గమనించినంత వరకు సేవకుల గొంతుల్లో ఆ నమ్మకం ఉంది. మొదటి విడతలో కన్నా రాత్రి పొద్దుపోయాక, కాళ్ళు లాగుతున్న వేళ, పిలుపు ఇంకా మెత్తగా ఉండటం చూసి ఈ మాట అంటున్నాను.

కుటుంబంతో వెళ్ళేవారికి కొన్ని సూచనలు. సెలవు రోజుల్లోనూ, బ్రహ్మోత్సవాల వేళలోనూ వేచి ఉండే సమయం పెరుగుతుంది కాబట్టి చిన్నపిల్లలకు ఆకలి ముదరకముందే వెళ్ళడం మంచిది. తినగలిగినంతే వేయించుకోవాలి, చాలనుకున్నప్పుడు "చాలు గోవిందా" అంటే సరిపోతుంది. వేళ్ళు చిటికేసి, "ఏయ్" అని పిలిచి అడగడం పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు, అందుకని లోపలికి వెళ్ళేముందే వడ్డించేవారు గోవిందా అంటే తిరిగి గోవిందా అనాలని వారికి చెప్పి ఉంచాలి. ఫోనులో మాట్లాడుతూ ఆకు ముందు కూర్చుంటే వడ్డించేవారు అడిగిన దానికి బదులు చెప్పలేము, వారిని నిలబెట్టినట్లవుతుంది. లేచేటప్పుడు "అన్నదాతా సుఖీభవ" అనడం మన పాత అలవాటు. ఆ మాటను మనసులో అనుకుని ఊరుకోకుండా వడ్డించినవారికి వినబడేలా అనాలని నా మనవి.

ఈ సేవకులు వచ్చే శ్రీవారి సేవ 2000లో మొదలైంది. తెలుగు రాష్ట్రాల నుంచే కాక కర్ణాటక, తమిళనాడు నుంచి కూడా బృందాలు వచ్చి, సాధారణంగా ఏడు రోజులు కొండ మీద ఉండి సేవ చేసి వెళతాయి. కూరగాయలు తరగడం, ఆకులు పరచడం, వడ్డించడం, వరసలు సర్దడం వంటి పనులు అప్పగిస్తారు. చేరదలచినవారు దేవస్థానం వెబ్‌సైట్‌లో ముందుగా నమోదు చేసుకోవాలి. అన్నప్రసాద కేంద్రంలో ఒక విడత వడ్డన చేస్తే ఎంతోమందిని గోవిందా అని పిలిచే అవకాశం దొరుకుతుంది. భోజనం చేసి వచ్చినవారు, ఆరోగ్యం సహకరిస్తే, ఆ వైపు నుంచి కూడా ఒకసారి నిలబడి చూడాలని కోరుతున్నాను.