చేదు లిక్యూర్లు అలవాటు కావాలంటే ఏది మేలు: అపెరోలా, కాంపారీయా?

కాక్‌టెయిల్స్‌లో చేదు రుచి పట్టుబడాలంటే అపెరోల్‌తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. తాగడానికి అది హాయిగానే ఉంటుంది. చేదు నేర్చుకోవడానికి మాత్రం అంతకంటే చేదైన ఎర్రటి ఇటాలియన్ లిక్యూర్ కాంపారీయే మేలు, అదీ సోడాతో పలచగా.

1919లో ఇటలీలోని పాదువాలో పుట్టిన అపెరోల్‌లో ఆల్కహాల్ 11 శాతమే. నారింజ వాసన, తీపి ముందు తగులుతాయి. చేదు చివర్లో లీలగా వస్తుంది. 90 మి.లీ. ప్రొసెక్కో (నురగలొచ్చే ఇటాలియన్ వైన్), 60 మి.లీ. అపెరోల్, కాస్త సోడా కలిపి స్ప్రిట్జ్ చేస్తే ఆ కొంచెం చేదు కూడా తీపి చాటుకు పోతుంది. అందుకే స్ప్రిట్జ్ ఎంత ఇష్టంగా తాగేవాళ్లకైనా కాంపారీతో చేసే నెగ్రోని కాక్‌టెయిల్ కొత్తగానే, కటువుగానే అనిపించవచ్చు.

అలాగని నేరుగా నెగ్రోని పట్టుకోవడమూ సరికాదు. జిన్, కాంపారీ, స్వీట్ వెర్మూత్ (మూలికలు కలిపిన తియ్యటి వైన్) 30 మి.లీ. చొప్పున పోస్తారు కాబట్టి మూడో వంతు కాంపారీయే ఉంటుంది. పైగా జిన్ ఘాటు ఆ చేదుకు తోడవుతుంది. చేదంటే విషమేమోనని నాలుక పుట్టుకతోనే జంకుతుంది. ఆ జంకు పోవాలంటే కొద్దికొద్దిగా, మళ్లీ మళ్లీ రుచి చూపించాలి.

దానికి అమెరికానో (కాఫీ కాదు, కాక్‌టెయిల్)ను మించినది లేదు. మామూలుగా కాంపారీ, స్వీట్ వెర్మూత్ 30 మి.లీ. చొప్పున పోసి పైన కొద్దిగా సోడా కలుపుతారు. కొత్తవాళ్లు కాంపారీ 15, వెర్మూత్ 30, సోడా 90 మి.లీ.తో మొదలుపెట్టాలి. గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు వేసి, సోడా చివర్లో పోసి, ఒక్కసారి మెల్లగా తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే గ్యాస్ పోయి చప్పబడుతుంది. నారింజ తొక్కను పైన పిండితే ఆ నూనె వాసనకే చేదు సగం మెత్తబడినట్టుంటుంది. ఇది ఇబ్బంది లేకుండా దిగుతున్నప్పుడు కాంపారీని 5 మి.లీ. చొప్పున 30 దాకా పెంచుకుంటూ పోవాలి. నెగ్రోని ఆ తర్వాతే.

చేదు ఎక్కువైందని చక్కెర పాకం పోయకండి. చేదు కొంత తగ్గినా డ్రింకు జిగటగా బరువెక్కుతుంది. 20 గ్రాముల ఉప్పు 80 మి.లీ. నీళ్లలో కరిగించి పెట్టుకుని రెండు మూడు చుక్కలు వేయండి. ఉప్పులోని సోడియం చేదును అణచిపెడుతుంది. ఉప్పదనం తెలిసిందంటే చుక్కలు ఎక్కువైనట్టే. ఇంకో సంగతి: చాలాసార్లు తప్పు కాంపారీది కాదు, పాతబడిన వెర్మూత్‌ది. అది వైనే కాబట్టి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెలా రెండు నెలల్లో వాడేయాలి. లేకపోతే పులిసిన వాసన వచ్చి డ్రింకు మొత్తం చెడుతుంది.

పళ్ల రసాలు ఇష్టమైతే జంగిల్ బర్డ్ అనే కాక్‌టెయిల్ మంచి దారి: డార్క్ రమ్ 45, కాంపారీ 22.5, అనాసరసం 45, నిమ్మరసం 15, చక్కెర పాకం 15 మి.లీ. పాకం ఇక్కడ నిమ్మ పులుపు కోసం. అనాస వాసన ముందుండి కాంపారీని వెనకాలే తీసుకొస్తుంది.

ఇంకా చేదుగా ఉండే ఇటాలియన్ లిక్యూర్ ఫెర్నెట్ బ్రాంకా జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. 39 శాతం ఆల్కహాల్, పుదీనా, ఔషధాల వాసన అన్నీ ఒకేసారి మీద పడతాయి. నెగ్రోని నచ్చాక హాంకీ పాంకీ అనే కాక్‌టెయిల్‌లో చూడండి: జిన్ 45, స్వీట్ వెర్మూత్ 45, ఫెర్నెట్ 7.5 మి.లీ. మాత్రమే.