దహన సమీకరణం తుల్యం చేయడానికి ఏ పద్ధతి మేలు?

విజయనగరంలో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. రసాయన సమీకరణాల పాఠం వచ్చిందంటే చాలు, "మాస్టారూ, ఏ బీ సీ డీ పెట్టి చేసేయొచ్చా, సూత్రం ఉందట కదా?" అని అడుగుతారు. దహన చర్యల వరకు నా మాట ఒకటే: రెండువైపులా ప్రతి మూలకం పరమాణువులు సమానమయ్యేలా లెక్కపెట్టి చేయండి. ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, చివర్న ఆక్సిజన్.

ఇంట్లో గ్యాస్ బండలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. బ్యూటేన్‌నే తీసుకుందాం. అందులో 4 కార్బన్లు, 10 హైడ్రోజన్లు. కాబట్టి అటువైపు 4 కార్బన్ డయాక్సైడ్, 5 నీరు వస్తాయి. ఇప్పుడు అటువైపు ఆక్సిజన్ పరమాణువులు లెక్కేస్తే 8, 5 కలిపి 13, అంటే ఆరున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. ఇక్కడే పిల్లలకి టెన్షన్ పట్టుకుంటుంది, సగం వచ్చిందంటే తప్పు చేశామనుకుని మొత్తం కొట్టేస్తారు, ఇంకొందరైతే ఆక్సిజన్ సరిపెట్టడానికి నీటి ఫార్ములాలోనే అంకె మార్చేస్తారు, అప్పుడది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. సగం వస్తే రానివ్వండి, అన్నిటినీ రెండుతో గుణిస్తే సరి:

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

ప్రొపేన్‌కి ఆ బాధ కూడా లేదు, నేరుగా 5 ఆక్సిజన్ వస్తుంది.

సూత్రం మాటకొస్తే, కార్బన్ల సంఖ్యకి హైడ్రోజన్లలో నాలుగో వంతు కలిపితే ఆక్సిజన్ గుణకం వచ్చేస్తుంది. పాలిసెట్ లాంటి బిట్ల పరీక్షలో టైం కలిసొస్తుంది, కాదనను. కానీ ఇథనాల్ ఇచ్చారంటే ఇంధనంలోనే ఒక ఆక్సిజన్ ఉంది, దానికి అర తీసేయాలి. బట్టీ పట్టినవాడు అది మర్చిపోయి మూడున్నర రాస్తాడు, లెక్కపెట్టినవాడికి 3 వస్తుంది.

ఏ బీ సీ డీ పెట్టి చేసే బీజగణిత పద్ధతి గట్టిదే, కానీ బ్యూటేన్‌కి నాలుగు తెలియని రాశులు, మూడు సమీకరణాలు రాసి, చివరికి చేరేది ఆ ఆరున్నర దగ్గరికే. మార్జిన్ నిండా గీతలు తప్ప ఒరిగేదేమీ లేదు.

అయితే ఒక చోట మాత్రం దానికే నా ఓటు. బర్నర్ రంధ్రాలు పూడుకుపోయి మంట పసుపుగా మారి గిన్నెకి మసి పడుతోందంటే దహనం అసంపూర్ణం, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుండొచ్చు. మసి సంగతి పక్కన పెట్టి మోనాక్సైడ్, డయాక్సైడ్ రెండూ వస్తాయని రాస్తే తెలియని రాశులు ఐదు, మూలకాలు మూడే. ఒకే జవాబు రాదు, ఎందుకు రాదో బీజగణితం వెంటనే చూపిస్తుంది. రెండూ సమానంగా వస్తాయని చెప్తేనే లెక్క తేలుతుంది: 2 బ్యూటేన్‌కి 11 ఆక్సిజన్, అటువైపు 4 మోనాక్సైడ్, 4 డయాక్సైడ్, 10 నీరు. ప్రశ్నలో ఆ నిష్పత్తి ఇవ్వకపోతే పెన్ను పెట్టకముందే మాస్టారిని అడగండి.