తేలికైన ల్యాప్‌టాప్ ఏది మేలు? స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు మాక్‌బుక్ ఎయిరా, విండోసా?

"అన్నా, బరువు లేని ల్యాప్‌టాప్ ఏది కొనమంటావ్?" డిగ్రీ చదివే పిల్లల దగ్గర నుంచి బ్యాంకు ఉద్యోగంలో చేరబోయేవాళ్ల దాకా నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక చేతిలో స్టిక్కు, ఇంకో చేత్తో బస్సు రాడ్డు పట్టుకుని నిలబడేవాళ్లకు భుజం మీది బ్యాగు బరువు చిన్న విషయం కాదు. ఈమధ్య నేనూ పాతది తీసేసి కొత్తది కొన్నాను కాబట్టి, చూసినవీ తేల్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. చూపులేని మనలాంటివాళ్లం కంప్యూటర్ వాడేది తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో: విండోస్‌లో ఎన్‌వీడీఏ, జాస్, మాక్‌లో వాయిస్‌ఓవర్. వాటి గురించి ఇంతకుమించి పరిచయం చేయను.

ముందు బరువు సంగతి. 13 అంగుళాల మాక్‌బుక్ ఎయిర్ సుమారు 1.24 కిలోలు. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ మోడల్‌ని బట్టి కిలోకి కాస్త అటూఇటూ. 14 అంగుళాల ఎల్‌జీ గ్రామ్ కొన్ని మోడళ్లలో కిలో లోపే. 1.3 కిలోలు దాటకపోతే చాలు, అంతకన్నా తగ్గించాలని పట్టుబట్టొద్దు. ఆ 200 గ్రాములు ఛార్జర్ దగ్గరే తేలిపోతాయి. ఛార్జర్ టైప్-సీ అయితే ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ ఒకటే మోసుకెళ్లొచ్చు.

షాపులో మొదట చెప్పేది తెర గురించే. ఓఎల్ఈడీ, 4కే, టచ్... వీటిలో దేనికీ మనం డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బుతో 16 జీబీ ర్యామ్ తీసుకోండి. ఇంత సన్నటి మెషీన్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు.

ఇక నా దృష్టిలో అసలు విషయం కీబోర్డు. చూపున్నవాళ్లు తెర చూసి ఎంచుకున్నట్టే మనం కీబోర్డు తడిమి ఎంచుకోవాలి. రోజంతా మన చేతులు ఉండేది దాని మీదే. మౌస్ లేదు, టచ్‌ప్యాడ్‌ని చాలామందిమి ఆపేసే ఉంచుతాం.

ఎన్‌వీడీఏ కమాండ్లకు పట్టుకునే ఇన్సర్ట్ కీ లేకపోతే కంగారు లేదు, దాని బదులు క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోవచ్చు. హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్ కీలు విడిగా లేకపోతేనే ఇబ్బంది. అవి ఎఫ్ఎన్, యారో కలిపితే వచ్చేలా ఉంటే, ఒక పేరా మధ్య నుంచి డాక్యుమెంట్ మొదలు దాకా సెలెక్ట్ చేయడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ఎన్, ఎడమ యారో నాలుగూ ఒకేసారి నొక్కాలి. ఒక చెయ్యి బ్రెయిల్ డిస్‌ప్లే (తెర మీది అక్షరాల్ని వేలికి తగిలే చుక్కలుగా చూపే పరికరం) మీద ఉన్నప్పుడు ఇది ఎంత నరకమో వాడేవాళ్లకే తెలుసు. ఎక్సెల్‌లో రోజుకి ఎన్నిసార్లు కంట్రోల్ హోమ్ కొడతామో ఆలోచించండి.

తర్వాత పై వరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే ఫంక్షన్ కీలు. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్4 తర్వాతా ఎఫ్8 తర్వాతా చిన్న ఖాళీ ఉంటుంది. వేలు పెట్టగానే ఎక్కడున్నామో తెలిసిపోతుంది. హోమ్, ఎండ్ పై వరుసలో ఉంటాయి, పేజ్ అప్, పేజ్ డౌన్ యారోల పక్కనే. ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఎఫ్ఎన్ లాక్ మారుతుంది, అప్పుడు ఎఫ్2 నొక్కితే సౌండు తగ్గకుండా ఎఫ్2గానే పనిచేస్తుంది. ఒక్క చిక్కుంది. పాత మోడళ్లలో ఎడమ చివర ఎఫ్ఎన్, దాని పక్కన కంట్రోల్ ఉంటాయి, అలవాటు పడ్డ వేళ్లు తప్పుతాయి. సెట్టింగ్స్‌లో రెండింటినీ అటూఇటూ మార్చుకోవచ్చు.

దీనికి పూర్తిగా ఉల్టా 2022లో వచ్చిన డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్. ఫంక్షన్ కీల చోట నున్నటి టచ్ పట్టీ పెట్టారు, పైగా హెడ్‌ఫోన్ సాకెట్ లేదు. బ్లూటూత్‌లో మాట ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి మొదటి అక్షరాలు మింగేస్తుంది. 3.5 మిల్లీమీటర్ల సాకెట్ లేని ల్యాప్‌టాప్‌ని నేనైతే తీసుకోను.

2024 నుంచి కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఏఐని తెరిచే కోపైలట్ కీ వస్తోంది. కొన్నిట్లో అది కుడి కంట్రోల్‌ని, కొన్నిట్లో మనం రైట్ క్లిక్ బదులు వాడే అప్లికేషన్స్ కీని మింగేసింది. షిఫ్ట్ ఎఫ్10 ఉంది నిజమే, ఎఫ్10 రావడానికి మళ్లీ ఎఫ్ఎన్ పట్టుకోవాల్సిన కీబోర్డులో మాత్రం అది మూడు కీల పని. అందుకే కొనేముందు కుడివైపు ఆల్ట్ పక్కన ఏముందో అడగండి. డిలీట్ పక్కనే పవర్ బటన్ ఉన్నవి కూడా చాలా వస్తున్నాయి. పవర్ బటన్ నొక్కినా ఏమీ జరగకుండా విండోస్‌లో సెట్టింగ్ ఉంది, కొన్న రోజే పెట్టుకోండి.

మరి మాక్‌బుక్ ఎయిర్? చాలా విషయాల్లో మంచి మెషీన్. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, స్పీకర్లు బాగుంటాయి, బ్యాటరీ రోజంతా లాగుతుంది. యారో కీలు తడిమితే వెంటనే దొరుకుతాయి. డబ్బా విప్పిన నిమిషం నుంచి కమాండ్ ఎఫ్5తో వాయిస్‌ఓవర్ మాట్లాడుతుంది. సిస్టమ్ పాడై రికవరీలోకి వెళ్లినా మాట్లాడుతుంది, విండోస్ మెషీన్ల బయాస్‌లో (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్స్‌లో) మనకు ఆ భాగ్యం లేదు. తెలుగు గొంతు విషయంలోనూ మాక్ ముందుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు చదువుతుంది కానీ గంటసేపు వింటే తల బరువెక్కుతుంది. తెలుగు పత్రికలు, కథలు చదవడమే ముఖ్యమైన పని అయితే మాక్ వైపు మొగ్గినా నేను కాదనను.

అయినా ఉద్యోగానికీ చదువుకీ కొనేవాళ్లకు నేను విండోసే చెబుతాను. బ్యాంకులోనూ, ప్రభుత్వ ఆఫీసులోనూ, కంప్యూటర్ ట్రైనింగ్‌లోనూ ఎదురయ్యేది విండోసే. ఇంట్లో ఒక పద్ధతి, ఆఫీసులో ఇంకో పద్ధతి అంటే కమాండ్లు రెండు రకాలుగా గుర్తుపెట్టుకోవాలి. సఫారీలో ఉన్నట్టుండి "నాట్ రెస్పాండింగ్" అని వాయిస్‌ఓవర్ ఆగిపోతోందన్న ఫిర్యాదు వాడేవాళ్ల నుంచి ఏళ్లుగా ఉంది. అలాంటివి సరికావాలంటే ఆపిల్ అప్‌డేట్ కోసం చూడాలి. ఎన్‌వీడీఏకి ఏడాదిలో చాలాసార్లు కొత్త వెర్షన్ వస్తుంది, ఉచితం, కావాల్సిన యాడ్-ఆన్ వేసుకోవచ్చు. మాక్‌లోనే విండోస్ పెట్టుకుని ఎన్‌వీడీఏ నడిపేవాళ్లున్నారు, నిజమే. ఇన్సర్ట్ లేని ఆ కీబోర్డులో కీలు మార్చుకునే తంటా కొత్తవాళ్లకు వద్దు. ధర కూడా చూడండి: ఎం4 చిప్ ఉన్న ఎయిర్ 2025లో మన దగ్గర 99,900 రూపాయలతో మొదలైంది.

బ్యాటరీలో మాక్ పైచేయి కొంత తగ్గించే మార్గం మన చేతిలోనే ఉంది. తెర వెలుగు సున్నాకి దించేయండి. తెరను నల్లగా చేసే ఎన్‌వీడీఏ స్క్రీన్ కర్టెన్ పెడితే పక్కవాళ్లకు మన మెయిల్ కనిపించదు, కానీ మామూలు ఎల్‌సీడీలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి అదొక్కటీ బ్యాటరీని కాపాడదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. క్రోమ్‌బుక్‌లో వచ్చే స్క్రీన్ రీడర్ క్రోమ్‌వాక్స్ పర్వాలేదు, కానీ ఫంక్షన్ కీల వరుసే వేరు, ఎన్‌వీడీఏ, జాస్ రావు. ట్యాబ్, బ్లూటూత్ కీబోర్డు జోడీ క్లాసులో నోట్సుకి సరిపోతుంది, ఒళ్లో పెట్టుకుని పనిచేయడానికి నిలబడదు. బ్రెయిల్‌లో రాసుకుని చదువుకునే చిన్న యంత్రాలు, అంటే బ్రెయిల్ నోట్‌టేకర్లు, గొప్పవే, ధర అందదు.

కొనేముందు ఒక పని తప్పకుండా చేయండి. పెన్‌డ్రైవ్‌లో, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ పెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కో మీ ఊళ్లోని పెద్ద షాపుకో వెళ్లండి. డెమో మెషీన్‌లో ఎన్‌వీడీఏ కీ, 1 కలిపి నొక్కితే ఇన్‌పుట్ హెల్ప్ వస్తుంది. అప్పుడు ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుందే తప్ప ఏదీ తెరుచుకోదు. ఒక్కో కీ తడుముతూ వెళ్లండి. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కి విండోస్‌తోనే వచ్చే స్క్రీన్ రీడర్ నరేటర్ ఆన్ చేయండి, దానిలోనూ ఇదే సౌకర్యం ఉంది. వెంట వచ్చినవాళ్లు "కలర్ బాగుంది" అన్నా తొందరపడకండి.

అంత డబ్బు లేదంటే కంపెనీలు వాడి అమ్మేసిన ఎక్స్1 కార్బన్‌లు రీఫర్బిష్డ్‌లో దొరుకుతాయి. 2018 నాటి ఆరో జనరేషన్ ఎక్స్1 కార్బన్ కన్నా పాతది తీసుకోవద్దు, ఎందుకంటే విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ ప్రాసెసరైనా ఉండాలి, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది. ఆ మోడల్ బరువు 1.13 కిలోలు. బ్యాటరీ పాతదై ఉంటుంది, దాన్ని మార్చి ఇవ్వమని ముందే మాట్లాడుకోండి.